కమిషనరు వాచీ, కాలవ వంతెన

లాకులపురం మునిసిపాలిటీకి కొత్త కమిషనరుగా వచ్చిన వేమూరి మార్తాండరావుగారి ఎడంచేతికి ఒక వాచీ ఉండేది. మిగతా మార్తాండరావుగారంతా ఆ వాచీని మోయడానికే ఉన్నట్టుండేవారు. ఆ చెయ్యి ఊపేవారు కాదు, బల్లకి ఆనించేవారు కాదు. ఎవరికైనా నమస్కారం పెట్టాల్సి వస్తే కుడిచేతినే తీసుకొచ్చి ఎడంచేతికి మెల్లగా తాకించేవారు.

దాన్ని వాచీ అంటే ఆయన మనసు నొచ్చుకునేది. "క్రోనోగ్రాఫ్ అనండి" అని దిద్దేవారు. మామూలు వాచీకి పరుగుపందేల్లో వాడే స్టాప్‌వాచీని కూడా కలిపి, పెద్ద డయలు మీద మూడు బుల్లి డయళ్ళు, పక్కన రెండు మీటలు పెడితే అది క్రోనోగ్రాఫ్. ఇది అరవై ఏళ్ళ కిందట స్విట్జర్లాండులో పుట్టింది. తెల్లగా ఉండాల్సిన డయలు ఎండకి మాగి మాగి కాఫీ రంగుకి తిరిగింది. అద్దం నిండా గీతలు, అంచున ఒక సొట్ట. అది నడవదు. నడిపించాలంటే వెనక మూత విప్పాలి. విప్పితే, పుట్టిన దగ్గర్నుంచీ మూత విప్పని వాచీ అన్న ఖ్యాతి మట్టిలో కలుస్తుంది. ఆ ఖ్యాతి కోసమే ఆయన హైదరాబాదులో ఉన్న ఇంటిస్థలం అమ్ముకున్నారు. టైం తెలుసుకోవాలనిపిస్తే బంట్రోతుని అడిగేవారు.

ఇంటి బీరువాలో ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. అవీ నడవవు. ఆదివారం నాడు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుని వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి, భూతద్దంతో చూసి, నిట్టూర్చి మళ్ళీ లోపల పెట్టేవారు. ఎవరి సరదా వాళ్ళది. ఇందులో ఊరికి వచ్చిన నష్టమేమీ లేదు. నష్టం అసిస్టెంటు ఇంజినీరు మట్టా ప్రభుదాసు నోటి వెంట వచ్చింది.

ప్రభుదాసుకి ఉన్న బెంగ ఒక్కటే, చేపలపేట వంతెన. కాలవకి ఇవతల చేపలపేట, అవతల బజారూ బడీ. మధ్యలో మనుషులు నడిచి వెళ్ళే ఇనప వంతెన. దాని శ్లాబుకి నట్టనడుమ ఒక కన్నం ఉంది, మనిషి మనిషే దిగిపోయేంత. ఒకపక్క చేతికమ్మీ ఊడిపోయింది. ప్రభుదాసు కూతురు ఆ వంతెన మీంచే బడికి వెళ్తుంది, పేటలో పిల్లలందరూ అలాగే వెళ్తారు. వేసవిలో లాకుల తలుపులు దించి, నీళ్ళు ఆపి కాలవలు కట్టేస్తారు కాబట్టి ఇప్పుడు ఎవరైనా పడితే బురదలో పడతారు. జూన్‌లో నీళ్ళు వదిలాక పడితే లాకుల దగ్గర వెతుక్కోవలసిందే. కాలవలో చెయ్యాల్సిన పనులన్నీ కాలవ కట్టేసిన రోజుల్లోనే చెయ్యాలి. అవి దాటాయా, మళ్ళీ ఏడాదే.

వంతెన ఫైలు పట్టుకుని ముగ్గురు కమిషనర్ల చుట్టూ తిరిగాడు ప్రభుదాసు. ముగ్గురూ చూద్దామన్నారు, చూస్తుండగానే బదిలీ అయిపోయారు. నాలుగోసారి మార్తాండరావుగారి గదిలోకి వెళ్ళాడు.

"ఎంత పాతది?" అని అడిగారు కమిషనరుగారు, ఫైలు తెరవకుండానే.

ఎంత పాతదని చెబితే అంత తొందరగా సంతకం పడుతుందనుకున్నాడు ప్రభుదాసు. ఎవరైనా అలాగే అనుకుంటారు. "చాలా పాతదండి. అరవై ఏళ్ళు దాటిపోయాయి. కట్టిన్నాటి నుంచి ఇప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టలేదండి. ఒక్క బోల్టు మార్చలేదు. రంగు కూడా వెయ్యలేదు."

మార్తాండరావుగారు కలం కింద పెట్టారు.

"ఒక్క బోల్టు కూడా మార్చలేదా?"

"ఒక్కటి కూడా లేదండి."

"రంగు?"

"అప్పటి తుప్పు అలాగే ఉందండి."

కమిషనరుగారి కళ్ళు పెళ్ళిచూపుల్లో కూర్చున్న కుర్రాడి కళ్ళలా మెరిశాయి. కొరివితో తల గోక్కున్నానని ప్రభుదాసుకి అప్పుడు తెలియలేదు. ఇన్నాళ్ళకి ఒక అధికారి వంతెన గురించి ఆసక్తిగా అడుగుతున్నాడని, ఈసారి పనైపోయినట్టేనని సంతోషపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే కమిషనరుగారు భూతద్దంతో వంతెన మీదికి వచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఇనపదూలాన్ని చాలాసేపు చూశారు. తుప్పుని వేలితో తాకబోయి, చెమట అంటుతుందని వేలు వెనక్కి తీసుకున్నారు.

"ప్రభుదాసుగారూ, ఈ వన్నె చూశారా. దీన్ని ఏ పెయింటరూ వెయ్యలేడు. కాలమే పూయాలి. మా పాతవస్తువుల సేకర్తల సంఘంలో దీనికి ఒక మాట ఉంది. కాలఛాయ."

"తుప్పండి" అన్నాడు ప్రభుదాసు.

"సామాన్య దృష్టికి తుప్పే. నా ఈ క్రోనోగ్రాఫ్‌కి ఒక కవల ఉండేదండి. అదే ఏడాది, అదే చేతిపని. దాన్ని ఒక మూర్ఖుడు కొని, మెరుగు పెట్టించి, పాడైన చక్రం మార్పించాడు." ఆయన తన క్రోనోగ్రాఫ్‌ని కుడిచేత్తో కప్పుకున్నారు. "ఇప్పుడది నడుస్తోంది. సరైన టైం చూపిస్తోంది. దాన్ని ఆ స్థితిలో చూడలేక వచ్చేశాను."

అప్పుడే ఆ వార్డు కౌన్సిలరు కొల్లాటి మంగతాయారు బజారు నుంచి ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని వంతెన మీదికి వచ్చింది. కౌన్సిలరైనా చేపల అమ్మకం మానలేదు. కౌన్సిల్లో కూర్చుంటే కూర వండుకోలేం కదా అంటుంది.

"కమిషనరు గారూ, కన్నం సూశారా అండి?"

"చూస్తున్నానమ్మా. అద్భుతం."

"ఎప్పుడు పూడుస్తారండి?"

"పూడ్చడమా?" మార్తాండరావుగారు లేచి నిలబడ్డారు. "అమ్మా, ఈ వంతెన మీద మానవహస్తం పడలేదు. ఇటువంటి అక్షత స్థితి దేశంలో ఎన్నిచోట్ల ఉంటుంది? దీన్ని బాగుచేయడమంటే దీని విలువను హత్య చేయడమే."

మంగతాయారు ప్రభుదాసు వంక చూసింది. ప్రభుదాసు కన్నం వంక చూశాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, పురపాలక పరిధిలోని ఆస్తులన్నియు తమ తమ కాలఛాయతో సహా పరిరక్షింపబడవలెను. విరిగినది విరిగినట్లును, ఒరిగినది ఒరిగినట్లును, ఆరినది ఆరినట్లును ఉంచవలెను. మెరుగు పెట్టుట, అతుకుట, మార్చుట, తుడుచుట నిషేధము. ఈ ఉత్తర్వు ఆసుపత్రితో సహా పురపాలక సంస్థలన్నిటికిని వర్తించును.'

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. ఆఫీసులో మాత్రం ఎవరికీ అది పిచ్చిలా కనిపించలేదు. సిబ్బంది ఉత్తర్వుని చదివి, ఇన్నాళ్ళూ తాము చేస్తున్నది ఇదేనని తెలుసుకుని పొంగిపోయారు. చెయ్యని పనికి ఇంతకాలం సంజాయిషీలు రాసుకున్నవాళ్ళు, ఇప్పుడు అదే చెయ్యని పనికి నెలవారీ ప్రగతి నివేదికలు రాయడం మొదలుపెట్టారు. వీధిదీపాల సెక్షను ఆరిపోయిన దీపాలన్నిటినీ అక్షతమని ప్రకటించింది. రోడ్ల సెక్షను గోతులకి ఇత్తడి బిళ్ళల మీద పేర్లు చెక్కించి పాతింది. బస్టాండు దగ్గర గొయ్యి పేరు 'ప్రథమ'. అందులో ఒక ఆటో దిగబడితే ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి, గొయ్యికేమైనా దెబ్బ తగిలిందేమోనని ముందు చూశాడు. కుళాయి కారుతోందని చెప్పడానికి వచ్చినవాళ్ళ చేత ఫిర్యాదుల గుమాస్తా ప్రశంసల కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.

మునిసిపల్ ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టరు భీమశంకరం ఒక్కడికే అనుమానం వచ్చింది. ఈ ఉత్తర్వు రోగులకు కూడా వర్తించునా అని రాతపూర్వకంగా అడిగాడు. 'ఉత్తర్వులో మినహాయింపులు లేవు. మరల చదువుకొనవలెను' అని జవాబు వచ్చింది. డాక్టరు దాన్ని జాగ్రత్తగా సొరుగులో పెట్టుకుని, ఎప్పటిలాగే వైద్యం చేసుకుంటూ పోయాడు.

పై ఆఫీసు నుంచి డైరెక్టరుగారు ఒక పూట వచ్చి చూసి వెళ్ళారు. ఆయన తిరిగిన మునిసిపాలిటీల్లో డబ్బు ఖర్చయి పని కాకపోవడమే చూశారు గానీ, డబ్బు ఖర్చు కాకుండా పని కాకపోవడం ఇదే మొదటిసారి. "ఇది పరిపాలనలో విప్లవం" అన్నారు. బడులు తెరిచే రోజున మళ్ళీ వచ్చి, చేపలపేట వంతెన మీద నడిచి, స్వయంగా ధ్రువీకరించి, లాకులపురానికి రాష్ట్రస్థాయి కాలఛాయ పురస్కారం ఇస్తానని ప్రకటించారు. వెళ్ళేముందు మార్తాండరావుగారి చేతివంక రెండుసార్లు చూశారు. "మీ క్రోనోగ్రాఫ్ లాంటిది నాకూ ఒకటి దొరుకుతుందా?" అని చెవిలో అడిగారు.

ఈ గాలి అంతా వీస్తున్నప్పుడు నిజంగా నష్టపోయినవాడు కాంట్రాక్టరు నడింపల్లి బంగార్రాజు. చేతినిండా ఉన్న పనులు ఒక్కసారిగా ఆగిపోయాయి. కానీ ఆయన ఎండలోనూ నీడ వెతుక్కోగల మనిషి. తప్పనిసరిగా కట్టాల్సిన ఒకటీ అరా మురుక్కాలవలకి కూడా కాలఛాయ లేనిదే బిల్లు పాస్ కాదని కమిషనరుగారు అనేసరికి, బంగార్రాజు రొయ్యలచెరువు ఉప్పునీళ్ళు డ్రమ్ముల్లో తెప్పించాడు. ఇనుము మీద చల్లితే మూడురోజుల్లో ముప్ఫై ఏళ్ళ తుప్పు. సున్నం గోడ మీద టీ డికాక్షను పూసి ఎండబెడితే తాతలనాటి గోడ. మార్తాండరావుగారు భూతద్దంతో చూసి, తన పుట్టుక ముందునుంచీ ఆ గోడ అక్కడే ఉందని సంతకం పెట్టారు.

ఇక్కడ వంతెన మాత్రం అలాగే ఉంది. నీళ్ళు వదిలే రోజు దగ్గరపడుతోంది.

మంగతాయారు ఎదురుచూడలేదు. పేటలో నలుగురు మొగాళ్ళని పిలిచి, తాటిదుంగ చీల్పించి, రెండు పట్టెలు కన్నం మీద అడ్డంగా వేయించింది. రెండురోజులు పిల్లలు, ముసలివాళ్ళు, పాలవాళ్ళు హాయిగా నడిచారు. మూడోరోజు ఆవిడకి నోటీసు అందింది. అక్షత కట్టడంలో పరాయి భాగం అమర్చినందుకు కారణం చూపవలెనని, పట్టెలు తక్షణం తొలగించవలెనని. తొలగింపు బాధ్యత ప్రభుదాసుది.

ప్రభుదాసు కూలీలతో వెళ్ళి తలవంచుకుని పట్టెలు తీయించాడు. చేతులారా తీయించాడు. ఆ రోజు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీ పిల్ల కూడా ఇటే ఎల్తాది కదా తమ్ముడూ" అంది మంగతాయారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని ఆలోచించాడు. వాదించి లాభం లేదు. వాచీల వాళ్ళ శాస్త్రంతోనే వాచీల వాళ్ళని కొట్టాలి. మర్నాడు ఒక నోటు రాసుకుని కమిషనరుగారి గదికి వెళ్ళాడు.

"సార్, మన ఉత్తర్వు ప్రకారం వంతెన తన అసలు స్థితిలో ఉండాలి. అంతే కదండి?"

"అక్షరాలా."

"కట్టిన్నాడు కన్నం లేదండి. కన్నం తర్వాత వచ్చి చేరింది. ఎవరి అనుమతీ తీసుకోలేదు. అంటే అది పరాయి భాగం. దాన్ని తొలగించడానికి అనుమతి కోరుతున్నానండి."

మార్తాండరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆ ముఖంలో మొదటిసారి గౌరవం కనిపించింది. "రంధ్రాన్ని తొలగించుట" అని నెమ్మదిగా పలికారు. "మీలో ఒక సేకర్త దాగి ఉన్నాడండి. ఇంతకీ ఆ రంధ్రం ఎప్పటిది?"

ప్రభుదాసుకి అబద్ధం ఆడటం చేతకాదు. అది అతని సర్వీసులో ఉన్న ఏకైక లోపం. "పుష్కరాల నాటిదండి. షామియానా వాళ్ళు జనరేటరు దొర్లించుకుపోతుంటే పడింది."

"పుష్కరాల నాటిదా." కమిషనరుగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "అయితే అది లోపం కాదు, ఘటనాచిహ్నం. నా క్రోనోగ్రాఫ్ అంచున ఈ సొట్ట చూశారా? దీన్ని మొదట కట్టుకున్న పైలటు విమానం తలుపుకి కొట్టుకుంటే పడిందట. ఆ సొట్ట లేకపోతే సగం ధర పలకదు. పవిత్ర పుష్కరాల సందర్భంగా ఏర్పడిన రంధ్రాన్ని తొలగించడమా? రంధ్రానికి ప్రత్యేక రక్షణ కల్పిస్తూ ఇప్పుడే రాయిస్తాను."

"రక్షణ అంటే కనీసం చుట్టూ కంచె వేయిస్తారా అండి?" ప్రభుదాసు ఆశగా అడిగాడు.

"కంచె పరాయి భాగం కదండీ."

ఆ విధంగా కన్నం ప్రత్యేక రక్షిత రంధ్రమైంది. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టుందని మంగతాయారు కౌన్సిల్లోనే అంది. మినిట్స్‌లో దాన్ని హర్షధ్వానాలని రాసుకున్నారు.

పురస్కారానికి ఒక జ్ఞాపిక పుస్తకం వెయ్యాలని మార్తాండరావుగారు సంకల్పించారు. దాని అట్ట మీద బొమ్మ ఆయన మనసులో ఎప్పుడో అచ్చయిపోయింది. ముందు క్రోనోగ్రాఫ్, వెనక వంతెన తుప్పు. రెండూ ఒకే కాలానివి, ఒకే వన్నెవి. నీళ్ళు వదలడానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయనగా ఒక ఉదయం ఫొటోగ్రాఫరుని తీసుకుని వంతెన మీదికి వచ్చారు. ప్రభుదాసు, బంగార్రాజు వెంట ఉన్నారు.

"ఎండ డయలు మీద పడట్లేదు సార్" అన్నాడు ఫొటోగ్రాఫరు. "కొంచెం వెనక్కి."

కమిషనరుగారు చెయ్యి చాచి, దాని వంకే చూసుకుంటూ, ఒక అడుగు వెనక్కి వేశారు.

"సార్, కన్నం" అన్నాడు ప్రభుదాసు.

"రంధ్రం అనండి" అంటూ ఇంకో అడుగు వేశారు మార్తాండరావుగారు.

ముందు కాళ్ళు వెళ్ళాయి, తర్వాత మిగతా పరిపాలన. ఎడంచెయ్యి మాత్రం ఆఖరిదాకా పైనే ఉండి, శ్లాబు అంచుకి ఠంగున కొట్టుకుని, అదీ కిందికి వెళ్ళింది. కింద కాలవ బురద మొలబంటి ఉంది. అందులో ఆయన నిలువునా దిగబడ్డారు.

వలలు ఆరబెట్టుకుంటున్న పేటవాళ్ళు తాడు వేసి లాగారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, ఆయనకి కడగాల్సింది కాలొక్కటే కాదు. మంగతాయారు కుండెడు నీళ్ళు తెచ్చి ముందు మొహం కడిగింది. మణికట్టు అప్పటికే వంకాయలా వాచిపోయింది. వాచీ అద్దం ఊడిపోయి, డయలు నిండా బురద.

"సెయ్యి ఇలా తెండి బాబూ" అని ఆవిడ దాని మీద కూడా నీళ్ళు గుమ్మరించింది.

బురద పోయింది. దాని వెంటే కాఫీ రంగు కూడా సన్నటి ధారగా కారిపోయింది. కింద డయలు తెల్లగా తళతళలాడుతూ బయటపడింది, నిన్న దుకాణంలో కొన్నట్టు.

బంగార్రాజు వంగి, కారిన రంగుని వేలితో అద్దుకుని వాసన చూశాడు.

"టీ డికాక్షనండి" అన్నాడు, తోటి పనివాడి మీద ఉండే గౌరవంతో. "మంచి పొడే వాడారండి. ఆయ్, మేం ఇంత చిక్కగా కాయం."

మార్తాండరావుగారు నొప్పి మరిచిపోయారు. "అంటే" అన్నారు, "మూత విప్పారన్నమాట." అంతవరకు అరవని మనిషి ఆ మాటతో కుళ్ళికుళ్ళి ఏడ్చారు. ఆ క్షణంలో ప్రభుదాసుకి ఆయన మీద నిజంగానే జాలి కలిగింది. ఇంటిస్థలం పోయిన మనిషి, చెయ్యి విరిగిన మనిషి, పైగా బురదలో తడిసిన మనిషి.

ఆసుపత్రిలో డాక్టరు భీమశంకరం ఎక్స్‌రే దీపానికి పట్టి చూశాడు. "ఎముక రెండుచోట్ల విరిగిందండి" అన్నాడు.

"కట్టు కట్టండి" అన్నారు కమిషనరుగారు.

డాక్టరు సొరుగు లాగి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "విరిగినది విరిగినట్లును అని ఉందండి. నేను అడిగాను కూడా. మినహాయింపులు లేవన్నారు. పైగా ఇది మామూలుగా విరగడం కాదు సార్, ప్రత్యేక రక్షిత రంధ్రంలో పడి విరిగింది. ఘటనాచిహ్నం కిందికి వస్తుంది. సరిచేస్తే విలువ పోతుందేమో."

"ఏమిటయ్యా, వాచీ వేరు, చెయ్యి వేరు."

"వంతెన ఎటు వస్తుందండి?" అన్నాడు ప్రభుదాసు మెల్లగా. "వాచీ లెక్కలోకా, చెయ్యి లెక్కలోకా?"

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. అది కూడా కాలఛాయ పట్టిన ఫ్యానే. మార్తాండరావుగారు తన మణికట్టుని, పక్కన ట్రేలో ఉన్న తెల్ల డయలుని మార్చి మార్చి చూశారు. "చెయ్యి లెక్కలోకే" అన్నారు చివరికి. "కానీ ప్రభుదాసుగారూ, డైరెక్టరుగారు వస్తున్నారు. అవార్డు ప్రకటించేశారు. వంతెన కొత్తగా మెరిసిపోతూ కనిపిస్తే నా పరిస్థితి ఏమిటి?"

"లోపల గట్టిగా కట్టి, పైకి పాడైనట్టు ఉంచితే సరిపోతుందాండి?"

"లోపల ఏం చేస్తారో నాకు తెలియనవసరం లేదు. పైకి మాత్రం ఒక్క బోల్టు మెరవకూడదు. రంధ్రం రంధ్రంలాగే కనిపించాలి." ఆయన కుడిచేత్తో సంతకం పెట్టారు. మినహాయింపు మీద ఒకటి, వంతెన ఫైలు మీద ఒకటి. అప్పుడు డాక్టరు పిండికట్టు కలపడం మొదలుపెట్టాడు.

వరండాలో ఈ సంగతి విన్న బంగార్రాజు చాలాసేపు తల గోక్కున్నాడు. "నా సర్వీసంతా లోపల గుల్ల, పైకి నున్నన అండి. ఉన్న సిమెంటంతా లోపల పోసేసి, పైకి పాడుచెయ్యమంటే ఇదేం పనండి బాబూ. చెయ్యి రావట్లేదండి." కానీ ప్రభుదాసు పగలంతా పక్కనే నిలబడి ప్రతి బొచ్చె సిమెంటూ చూసుకుంటుంటే, ఆయన జీవితంలో మొదటిసారి లెక్క ప్రకారం పోయక తప్పలేదు. కొత్త దూలాలు వేశారు. కొత్త శ్లాబు పోశారు. ఊడిపోయిన కమ్మీ స్థానంలో కొత్తది బిగించి రొయ్యలచెరువు నీళ్ళు చల్లారు. ఆఖరున బంగార్రాజు పాత ఫొటో ఎదురుగా పెట్టుకుని, తారూ బొగ్గుపొడీ కలిపి, శ్లాబు నట్టనడుమ కన్నాన్ని చిత్రించాడు. అంచుల్లో బయటికి పొడుచుకొచ్చిన ఇనపచువ్వలు, లోతున నీళ్ళ తళుకు, అన్నీ గీశాడు. మొదటిరోజు ఒక కుక్క దాని దగ్గరికి వచ్చి, మొరిగి, వెనక్కి పోయింది. బంగార్రాజు దాన్ని ప్రశంసగానే తీసుకున్నాడు.

ఇంకో చిన్న పని కూడా ఆయనకే వచ్చింది. కమిషనరుగారు ఇంటికి పిలిపించి తలుపు వేసి, తెల్ల డయలు, ఊడిన అద్దం చేతిలో పెట్టారు. బంగార్రాజు వంటింట్లోకి వెళ్ళి టీ కాయమన్నాడు.

బడులు తెరిచిన రోజుకి కాలవ నిండుగా పారుతోంది. లాకుల దగ్గర నీళ్ళ హోరు పేటదాకా వినిపిస్తోంది. ప్రభుదాసు పొద్దున్నే గట్టు మీద నిలబడ్డాడు. పిల్లలు కొత్త సంచులు తగిలించుకుని గుంపుగా వంతెన ఎక్కారు. వాళ్ళకి సంగతంతా తెలుసు. బొమ్మ కన్నం దగ్గరికి రాగానే ఒక్కొక్కరూ ఎగిరి సరిగ్గా అందులోకే దూకారు. అతని కూతురు రెండుసార్లు దూకి, వెనక్కి తిరిగి తండ్రికి చెయ్యి ఊపింది. ప్రభుదాసు కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత సంతోషం అతనికి ఏ ప్రమోషనూ ఇవ్వలేదు.

డైరెక్టరుగారు పదకొండింటికి వచ్చారు. కారు దిగుతూనే కమిషనరుగారి కట్టు చూసి అయ్యో అన్నారు. కుడిచేతికి మారిన క్రోనోగ్రాఫ్ చూసి ఆగిపోయారు.

"ఈ వన్నె మునుపటికంటే పండినట్టుందే."

"రోజురోజుకీ పండుతుంది సార్" అన్నారు మార్తాండరావుగారు. ఈ కొద్దిరోజుల్లో ఆయన చాలా నేర్చుకున్నారు. "మీరు అంతగా ముచ్చటపడితే, నేను ఇంటిస్థలం అమ్ముకున్న ధరకే ఇచ్చేస్తాను. ఒక్క షరతు. ఎప్పటికీ మూత విప్పకండి. నీళ్ళు తగలనివ్వకండి."

"నేనేం మూర్ఖుణ్ణా" అన్నారు డైరెక్టరుగారు. బేరం గట్టు మీదే కుదిరింది. వాచీ చెయ్యి మారింది. కమిషనరుగారి కుడిచెయ్యి మళ్ళీ స్వేచ్ఛగా ఊగింది.

తర్వాత డైరెక్టరుగారు వంతెన ఎక్కారు. కమ్మీ తుప్పుని భూతద్దంతో చూసి తల పంకించారు. కిందటిసారి ఇటువైపు కమ్మీ లేదు కదా అని అడగలేదు. తుప్పు ఉంది కాబట్టి ఎప్పటినుంచో ఉన్నట్టే. రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఒక అడుగు వెనక్కి వేశారు. కింద కాలవ సుళ్ళు తిరుగుతోంది. ఆయన కొత్త వాచీని గుండెకి హత్తుకుని, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని, పక్కగా అంగుళం అంగుళం జరగసాగారు.

అదే సమయానికి అటునుంచి మంగతాయారు నిండు గంపతో వస్తోంది. తిన్నగా వస్తోంది. డైరెక్టరుగారు వద్దన్నట్టు చెయ్యి ఎత్తి, చూడలేక కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆవిడ రంధ్రం నట్టనడుమ నిలబడి గంప సర్దుకుంటోంది.

"అమ్మా, మీరు..." అన్నారాయన.

"పుష్కరాల కాడి నుంచీ అలవాటేనండి" అంది మంగతాయారు. "మీరు మాత్రం పక్కనుంచే ఎల్లండి బాబూ, సూసుకుని."

డైరెక్టరుగారు పక్కనుంచే వెళ్ళారు. అవతలి గట్టు చేరి, నుదుటి చెమట తుడుచుకుని, వంతెన అక్షతమని ధ్రువీకరణ మీద సంతకం పెట్టారు. తర్వాత కొత్త క్రోనోగ్రాఫ్ వంక మురిపెంగా చూసుకుని, టైమెంతయిందని బంట్రోతుని అడిగారు.